క్యాండిలమ్మ

ఆవిడ పోయాక జ్ఞాపకాల సంచిక ఒకటి వేయాలని ఈ హిందీ ఊళ్ళో మా రైల్వే కాలనీ తెలుగువాళ్ళు అనుకున్నారు. ఎవరెవరిని రాయమని అడిగారో నాకు తెలుసు. ఆవిడతో కాలేజీలో పనిచేసిన వాళ్ళని అడిగారు. ఆవిడ దగ్గర చదువుకున్న వాళ్ళని అడిగారు. తెలిపారా పేటలో ఆవిడకి గది అద్దెకిచ్చిన ఆయన్ని కూడా అడిగారు. ఆయనకి తెలుగు రాయడం రాదంటే హిందీలో చెప్పించుకుని ఎవరో రాసి పెట్టారు. నన్ను మాత్రం అడగలేదు. మా వరసలో క్వార్టర్లన్నీ తిరిగారు, మా గుమ్మం దాటి పక్కింటి తలుపు కొట్టారు. నేను వరండాలోనే కూర్చుని ఉన్నాను. నా మొహం చూసి నవ్వారు కూడా.

అడగకపోయినా రాస్తున్నాను. ఆవిడ మా ఇంటికి చేసిన పని ఒకటుంది. దాని గురించి చెప్పవలసిన మనిషి ఇప్పటిదాకా నోరు విప్పలేదు. ఆయన చేత ఒక్క మాట చెప్పించడానికే ఈ కాగితం.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. "మీరు ఎవరి మీద ఏటి రాసుకున్నా నాకేం పరవాలేదు బాబూ. మీ అర్జీల్లో నా పేరు మాత్రం ఇరికించకండి" అని ఆవిడ ఒకసారి నా దగ్గర మాట తీసుకున్నారు. కాలనీ ఆడవాళ్ళు పెట్టిన పేరు ఉంది కదా, అది చాలు. క్యాండిలమ్మ.

ఆ రోజుల్లో ప్రతి క్వార్టర్లోనూ స్టీలు వాటర్ ఫిల్టరు ఉండేది. దాని కడుపులో తెల్లటి పింగాణీ క్యాండిల్. కొన్నాళ్ళకి అది నల్లబడి నీళ్ళు చుక్కచుక్కగా దిగేవి. అప్పుడు దాన్ని పారేసి కొత్తది వేసుకునేవాళ్ళం. ఆదివారం పూట ఒకావిడ గుడ్డసంచీ పట్టుకుని వరస వరసా తిరిగి, "పాత క్యాండిళ్ళున్నాయేటమ్మా?" అని అడగడం మొదలుపెట్టారు. సన్నగా, పొడుగ్గా, చీర కొంగు నడుముకి చుట్టుకుని ఉండేవారు. పాత సామాను కొనే మనిషి అనుకున్నాం ముందు. తర్వాత తెలిసింది, మనవాళ్ళ పిల్లే. తండ్రి లోకో షెడ్డులో చేశాడు. ఈ క్వార్టర్లలోనే పెరిగి, ఎక్కడికో వెళ్ళి పెద్ద చదువు చదివి, తిరిగొచ్చి ఊళ్ళో కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెప్తున్నారు.

ఆవిడతో నా పరిచయం పోట్లాటతో మొదలైంది. ఒకరోజు నేను గూడ్స్ ఆఫీసులో డ్యూటీ దిగి ఇంటికొచ్చి మంచినీళ్ళకి వెళితే ఫిల్టరు ఖాళీగా ఉంది.

"క్యాండిల్ ఏది?" అన్నాను.

"క్యాండిలమ్మకి ఇచ్చీసాను" అంది నా భార్య.

"ఎవర్నడిగి ఇచ్చావు? ఉప్పుకాగితంతో రుద్దితే ఇంకో ఆర్నెల్లు వచ్చేది అది."

"నా వంటింట్లో వస్తువు ఇవ్వడానికి మీ ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలేటి?"

మర్నాడు కాలేజీకి వెళ్ళాను. మెట్ల కింద ఒక ఇరుకు గది ఆవిడకిచ్చారు. ఇనప స్టాండుకి గాజు గొట్టాలు వేలాడుతున్నాయి. ఆవిడ చేతిలో ఒక పరీక్షనాళిక, బల్ల మీద మంచు నింపిన గిన్నె. నేను చెప్పడం మొదలుపెట్టాను. క్యాండిల్ ఇంకా పనికొచ్చేదేననీ, నా ఇంట్లో వస్తువులు నన్నడక్కుండా వెళ్ళిపోతున్నాయనీ, ఆఫీసులో నా సీనియారిటీ కూడా ఇలాగే నన్నడక్కుండా ఇంకొకడికి వెళ్ళిందనీ. ఆవిడ నాళికని మంచులో తిప్పుతూ విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా 'అచ్ఛా, అచ్ఛా' అనలేదు. మనిషి మాట తుంచడానికి ఇక్కడివాళ్ళందరూ వాడే మాట అది.

"అయిందా బాబూ?" అన్నారు చివరికి.

"అయింది."

"మీకు జవాబు కావాలా, క్యాండిల్ కావాలా? రెండూ ఇవ్వలేను."

నా సర్వీసులో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. కాగితం పెట్టిన ప్రతిచోటా 'చూస్తాం' అన్నారు. ఎవరూ ఏమీ చూడలేదు.

"జవాబే కావాలి" అన్నాను.

ఆవిడ స్టూలు లాగి వేసి, ఒక గాజు గొట్టం చూపించారు. అందులో తెల్లటి రవ్వ లాంటిది ఉంది. "ఇదిగో మీ క్యాండిల్, దంచీసాను. నీళ్ళు వడగట్టే చిల్లులున్నాయి కదా దీనికి, కంటికి ఆనవు. ఆ చిల్లుల్లో రక్తకణాల పొరని కూర్చోబెట్టాను. ఆ పొర మీద ఒక ఎంజైము ఉంటుంది. ఎంజైమంటే ఒకే పని తెలిసిన పనివాడు అనుకోండి. అందరూ ఆ పొరని చింపీసి పనివాణ్ణి ఒక్కణ్ణీ బయటికి లాక్కొస్తారు. లాగితే వస్తాడు. నాలుగు రోజులు చేసి మానీస్తాడు. నేను ఇంటితో పాటే తెస్తన్నాను. ఇల్లు ఇల్లులా ఉంచి, తీసుకొచ్చి ఈ రవ్వకి అతికిస్తన్నాను."

"దానివల్ల లాభమేమిటి?"

ఆవిడ గొట్టంలో ఏవో చుక్కలు వేసి కాస్త ఆగారు. కింద కారే నీళ్ళు మెల్లగా పచ్చబడ్డాయి.

"చూసారా, పసుపు. వచ్చిందంటే పనివాడు బతికున్నట్టు. పురుగుల మందు తగిలిందనుకోండి, చచ్చిపోతాడు. పసుపు రాదు. వంకాయల మీద మందుందో లేదో ఇంట్లో ఆడవాళ్ళు చూసుకునేలా చెయ్యాలని నా పిచ్చి."

"ఇది ఎవరి రక్తం?"

"ఇది నాది. ఆ పక్కది మా ప్యూన్‌ది. మనిషి గట్టివాడే. రక్తం మాత్రం మెతక, బేగి నీరసపడిపోతుంది."

"నాది తీసుకుంటారా?" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. క్యాండిల్ అడగడానికి వెళ్ళినవాణ్ణి చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాను. ఇంటికొచ్చి చెప్తే నా భార్య నా మోచేతి దగ్గర దూదిముక్క వంక చాలాసేపు చూసింది. "ఈసారి ఫిల్టరు కూడా ఇచ్చీసి రండి. బోడిది, నీళ్ళు మనకెందుకు?" అంది.

ఆ తర్వాత సాయంకాలాలు ఆ మెట్ల కింద గదికి వెళ్ళడం అలవాటైంది. నేను గుమ్మంలోకి రాగానే ఆవిడ తలెత్తకుండానే, "ఏటి బాబూ, ఇవాళ ఎవరి మీద?" అనేవారు. వెటకారం కాదు. నిజంగానే ఎవరి మీదో తెలుసుకోవాలని అడిగేవారు. నేను చెప్పేవాణ్ణి. ఆవిడ చేతులు పని చేసుకుంటూ ఉండేవి.

ఆ చేతుల పని చూడాలి. రక్తకణాలని చల్లటి పల్చని నీళ్ళలో వేస్తే ఉబ్బి పగిలిపోతాయి, లోపలి ఎరుపు బయటికి వచ్చేస్తుంది. ఆ నీళ్ళని క్యాండిల్ రవ్వ మీదుగా పోస్తే పొరలు రవ్వకి పట్టుకుంటాయి. తర్వాత కడగాలి. కడిగి, వంపి, మళ్ళీ కడగాలి. మొదట రక్తం రంగు, తర్వాత గులాబీ, తర్వాత బియ్యం కడిగిన నీళ్ళలా. "పోదు పోదు అనుకుంటాం, పోతుంది. తొందరపడి ఆపీకూడదు" అనేవారు. పెద్ద కాలేజీల్లో దీనికి లక్షల మిషన్లు ఉంటాయట. ఆవిడకి ఉన్నది కుళాయి, ఓపిక, మంచు.

మంచు కోసం సదర్ బజార్‌లో గోలా, అంటే రంగునీళ్ళు పోసిన మంచుతురుము, అమ్మే అతని దగ్గరికి వెళ్ళేవారు. రిక్షా దిగి ఫ్లాస్కు చాపితే అతను మంచు తురిమి నింపి, అలవాటు చొప్పున రంగు సీసా ఎత్తేవాడు.

"కౌన్‌సా డాలూఁ దీదీ? లాల్? హరా?"

"కుఛ్ నహీ భయ్యా, సాదా."

"సాదా కోయీ ఖాతా హై క్యా?" అని ప్రతిసారీ అతను జాలిపడేవాడు. ఉత్త మంచు తినే మనిషిని అతను ఇంకెక్కడా చూడలేదు. ఒకరోజు ఆవిడ మీద దయకొద్దీ అడక్కుండానే ఎర్రరంగు పోసేశాడు. ఆవిడ ఆ ఫ్లాస్కు మా ఇంటికి తెచ్చి, నా భార్యా తనూ గ్లాసుల్లో పోసుకుని తినేసి, నాకు అడుగున నీళ్ళు మిగిల్చారు. ఇది కూడా నేను మర్చిపోలేదు.

మొదట్లో ఆవిడ క్యాండిళ్ళతో మొదలుపెట్టలేదట. షెడ్డు పక్కన గుట్టలుగా పడి ఉండే బొగ్గు చిట్టెంతో మొదలుపెట్టారు. ఇంజన్లో కాలి గడ్డకట్టి, నిండా చిల్లులతో తేలిగ్గా ఉండే ముక్కలు. చిన్నప్పుడు వాటితోనే వాకిలి గీతలు గీసుకుని ఆడుకున్నారు. ఊరికే దొరుకుతుంది, చిల్లులకి లోటు లేదు అనుకున్నారు. చిట్టెంలో ఏ లోహపు అంశో ఉండి ఎంజైముని చంపేసింది. రైల్వేవాళ్ళ పిల్ల తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు అది. "మా నాన్న షెడ్డు మీద నమ్మకం కొద్దీ ఏడాది పోగొట్టుకున్నాను" అని నవ్వేవారు. ఆ ఏడాదిని తల్చుకుని నవ్వగలగడం నాకు అర్థమయ్యేది కాదు.

నవ్వడం అంటే గుర్తొచ్చింది. ఎక్కడో సభలో ఆవిడ ఈ పని గురించి చదివితే, ఒక పెద్దమనిషి లేచి, ఈ రవ్వ ఏ కంపెనీ నుంచి తెప్పించారని అడిగాడట. "మా కాలనీ వంటిళ్ళ నుంచి" అన్నారట ఈవిడ. హాలంతా నవ్విందట. తిరిగొచ్చి ఈవిడ ఆ ముచ్చట చెప్పి తనూ నవ్వారు. నేను ఆ సభలో లేను. అయినా ఆ నవ్విన వాళ్ళమీద నా కోపం ఇంకా పోలేదు.

గొట్టాలకి ప్లాస్టరు ముక్కలు అంటించి పేర్లు రాసేవారు. ఎవరి రక్తమో వాళ్ళ పేరు కాదు, దాని గుణం. ప్యూన్‌ది 'మెతక'. తనది 'నిద్రమొహం'. మిగతావన్నీ వాడిపోయినా నా గొట్టం మాత్రం చుక్క వేస్తే చాలు పసుపు ఇచ్చేది. దాని మీద 'మొండి' అని రాశారు. "ఇన్నాళ్ళూ ఇలా నిలబడ్డది ఇంకోటి లేదండీ. ఏటి తింటారు మీరు?" అన్నారు ఒకసారి. ఆఫీసులో నన్ను అదే మాట ఎంతమంది అన్నారో. ఆవిడ నోట విన్నప్పుడు మాత్రం ఇంటికొచ్చి నా భార్యకి చెప్పుకున్నాను.

కానీ ఆవిడ అచ్చువేసిన వ్యాసంలో నా పేరు లేదు. 'ఆరోగ్యవంతుడైన దాత' అని ఉంది. వారం రోజులు ఆ గదికి వెళ్ళలేదు. ఆవిడే వచ్చారు. "మీ పేరు వేస్తే, ఆ వ్యాసం మీద కూడా అర్జీ పెడతారని భయపడ్డాను బాబూ" అన్నారు. అదీగాక నా గొడుగు ఒకటి పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు. ఇవి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు. అందరూ దేవత అని రాస్తారు.

ఇప్పుడు అసలు సంగతి.

మా తెలుగువాళ్ళు కొందరు కలిసి కాలనీలో బియ్యం స్టోరు ఒకటి నడిపేవారు. ఇక్కడి బియ్యం కొందరికి నచ్చదు, మన విజయనగరం వైపు నుంచి మూటలు తెప్పించి సభ్యులకి ఇచ్చేవారు. దానికి సెక్రటరీ ఉండేవారు. ఆయన పేరు కూడా రాయను. చదివితే ఆయనకి తెలుస్తుంది.

ఒక వర్షాకాలం నా భార్యకి జబ్బు మొదలైంది. ఉన్నట్టుండి నోట్లో నీళ్ళూరేవి, చెమటలు పట్టేవి, వాంతి, కళ్ళు మసకలు. రెండు మూడు గంటలకి తగ్గిపోయేది. మళ్ళీ కొన్నాళ్ళకి వచ్చేది. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకొక డాక్టరు ఆమెతో మాట్లాడకుండా నా వైపు తిరిగి, "ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలే" అన్నాడు. స్టోరు నుంచి కొత్త మూట విప్పిన రోజే ఇది వస్తోందని ఆమే కనిపెట్టింది. నేను వెళ్ళి సెక్రటరీకి చెప్పాను.

ఆయన నలుగురి మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నారు. "కాలనీ అంతా తింటన్నాది కదా మా బియ్యం? మీ ఆవిడొక్కర్తికే పడ్డం లేదేటి? మీరు ఇంట్లో కూడా కంప్లైంట్లు చెప్తారు కదా, అదే అంటుకున్నట్టుంది ఆవిడికి" అన్నారు.

నలుగురూ నవ్వారు. ఆ నవ్వు స్టోరు దగ్గర ఆగలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు నా భార్యని, "ఏటప్పా, ఇవాళ జబ్బు డ్యూటీ ఉందా, రెస్టా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆమె జబ్బు చెప్పుకోవడం మానేసింది. వచ్చినప్పుడు స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేది. నన్ను వందమంది నమ్మకపోయినా నాకు అలవాటే. ఆమెకి అలవాటు లేదు.

ఇది నేను ఆ మెట్ల కింద గదిలో చెప్పాను. ఆవిడ చేతులు ఆగాయి. ఆవిడ చేతులు ఆగడం నేను చూసింది అప్పుడే.

"ఆమెని ఎవరైనా అడిగారా?" అన్నారు.

"ఏమని?"

"ఏదో ఒకటి."

మర్నాడు వచ్చి మా వరండాలో చాప మీద నా భార్య పక్కన కూర్చున్నారు. వెలుతురువైపు మొహం తిప్పించి కళ్ళు చూశారు. నల్లగుడ్డు మధ్య చుక్క ఆవగింజంతకి ముడుచుకుపోయి ఉందట.

"మూట విప్పాక ఏటేటి చేస్తావు చెల్లీ? మొదట్నుంచీ చెప్పు."

"ఏటుందప్పా, చెరుగుతాను, ఏరతాను, కడుగుతాను, వండుతాను."

"ఏరుతున్నప్పుడు?"

"ఏరతాను, అంతే."

"అంతేనా?"

నా భార్య నా వైపు చూసి సిగ్గుపడింది. "నాలుగు గింజలు నోట్లో ఏసుకుంటాను. చిన్నప్పట్నుంచీ అలవాటు. పచ్చి బియ్యం తింటే పెళ్ళిలో వాన పడతాదని మా అమ్మ కొట్టీది. వాన పడింది కూడాను."

"నాలుగేనా?"

"గుప్పెడు" అంది నా భార్య.

అదండీ సంగతి. ఇంటిల్లిపాదీ తినేది కడిగి వండిన అన్నం. ఆ మూట దుమ్ము పీల్చేది, పచ్చి గింజలు నమిలేది ఆమె ఒక్కతే. పురుగు పట్టకుండా మూటల మీద మందు కొడుతున్నారని ఆవిడకి అప్పటికప్పుడే అనుమానం వచ్చింది. ముందు నా భార్య రక్తం కాస్త తీసుకెళ్ళి, నా రక్తం పక్కన పెట్టి చూశారు. ఒకే ఇల్లు, ఒకే వంట. నాది వెంటనే పచ్చబడింది, ఆమెది ఎంతసేపటికో వెలిసిపోయిన రంగు ఒకటి వచ్చింది.

"నీ పనివాళ్ళు సగంమంది పడిపోయి ఉన్నారు చెల్లీ. పచ్చి గింజలు ఆపీ, మళ్ళీ లేస్తారు" అన్నారు. తర్వాత ఆవిడ అన్న మాటకే నా భార్య ఏడ్చింది. "నువ్వు చెప్పింది నిజమే" అన్నారు ఆవిడ.

నేను వెంటనే, దీని మీద ఒక రిపోర్టు రాసివ్వండి, ఎక్కడెక్కడ పెట్టాలో అక్కడల్లా పెడతాను అన్నాను.

"రిపోర్టు మగాళ్ళు చదువుకుంటారు. నవ్విన ఆడవాళ్ళకి కనపడొద్దా?" అన్నారు.

ఆ ఆదివారం పొద్దున్న రిక్షాలో స్టాండు, గొట్టాలు, మంచు ఫ్లాస్కు వేసుకుని స్టోరు ముందర దిగారు. నా భార్యని తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. కుళాయి దగ్గరి ఆడవాళ్ళంతా చేటలతో సహా వచ్చారు. సెక్రటరీ గారు బయటికి వచ్చారు.

"ఏటమ్మా ఇది, స్టోరు ముందర గారడీ పెట్టీసారు?"

"గారడీయేనండి. టిక్కెట్టు లేదు, కూర్చోండి."

స్టాండుకి తగిలించిన గొట్టం మీద ప్లాస్టరు ముక్క చూశాను. మొండి. ముందు ఆవిడ తన ఇంటి బియ్యం నానబెట్టిన నీళ్ళు పోశారు. చుక్కలు వేశారు. పసుపు దిగింది. "శుభం!" అన్నారెవరో. తర్వాత స్టోరులో ఆ వారం దిగిన మూట విప్పించి, గోనెకి ఆనుకుని ఉన్న గింజలు తీసి నానబెట్టి ఆ నీళ్ళు పోశారు. చుక్కలు వేశారు.

ఏమీ రాలేదు. నీళ్ళు నీళ్ళలానే ఉన్నాయి.

"ఇంకాసేపు చూడమ్మా" అంది ఒక ముసలామె. "మా మరిదిలాగ నిదానమేమో."

అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, ఆగారు. ఎండ గోడ దిగి మెట్లమీదికి వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ మళ్ళీ తన ఇంటి బియ్యం నీళ్ళే అదే గొట్టంలో పోసి చూపించారు. ఇందాక పసుపు ఇచ్చిన నీళ్ళకి కూడా ఇప్పుడు రంగు రాలేదు.

"ఇది ఇంక లేవదు. మూట మీద ఉన్నదేదో దీన్ని చంపీసింది" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా, "మీ మొండిది పోయింది బాబూ" అన్నారు.

"పోనీండి" అన్నాను. నా జీవితంలో ఫిర్యాదు లేకుండా వదులుకున్న వస్తువు అదొక్కటే.

సెక్రటరీ గారు లేచారు. "రంగు రాకపోతే నేరమేటండీ? మా ఇంట్లో గోడలకీ రంగు లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఒక్క మాట అడుగుతాను. మూటల మీద పురుగుల మందు కొట్టించారా? అవునా, కాదా?" అన్నారు ఆవిడ.

"కమిటీలో పెట్టి చెప్తాం."

"మూట వాసన చూడ్డానికి కమిటీ ఎందుకండీ? ముక్కు చాలదూ?"

ఆయన లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ సాయంత్రం పక్కింటామె వచ్చి నా భార్య చేతిలో అరటిపళ్ళు పెట్టి, కాసేపు కూర్చుని వెళ్ళింది. స్టోరు వెనక గోడకి ఆనించి ఉండే మందుకొట్టే పంపు మర్నాటికి కనపడలేదు. తర్వాత దిగిన మూటలకి వాసన లేదు. నా భార్య జబ్బు తగ్గింది, మళ్ళీ రాలేదు. కమిటీ మాత్రం కూర్చోలేదు. నేను అడిగాను, రాసి అడిగాను, మనిషిని పంపి అడిగాను. జవాబు లేదు.

ఆవిడ కూడా వదల్లేదు. బజార్లో, పెళ్ళిళ్ళలో, స్టేషన్లో, ఎక్కడ సెక్రటరీ గారు ఎదురైనా నమస్కారం పెట్టి, "కమిటీ కూర్చుందాండీ? ఇంకా నిలబడే ఉందేటి పాపం, కాళ్ళు నొప్పెట్టవూ?" అని అడిగేవారు. ఆయన ఆవిణ్ణి చూసి దారి మళ్ళడం నేను కళ్ళారా చూశాను. నాతో సమానంగా మొండితనం ఉన్న మనిషిని ఆవిణ్ణి ఒక్కరినే చూశాను. తేడా ఏమిటంటే ఆవిడ మొండితనానికి జనం నవ్వుతూ దారిచ్చేవారు.

ఆదివారాలు మా వరండాలో నా భార్యా ఆవిడా చెరో చేటా పెట్టుకుని కూర్చునేవారు. ఏరడం తక్కువ, మాటలు ఎక్కువ. మంచి బియ్యం అని తేలాక నా భార్య పాత అలవాటు మళ్ళీ మొదలుపెట్టింది. ఆవిడ కూడా గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకునేవారు.

"అప్పా, పెళ్ళిలో వాన పడతాది" అనేది నా భార్య.

"నా పెళ్ళికింక వాన భయం లేదులే. నువ్వు తిను" అనేవారు ఆవిడ, పెళ్ళి చేసుకోని మనిషి. ఇద్దరూ నవ్వేవారు. ఆ పళ్ళకింద బియ్యం చప్పుడు లోపల గదిలోకి కూడా వినిపించేది.

తొంభైల చివర్లో ఆవిడకి గుండె జబ్బు వచ్చింది. నాకు కబురు ఆలస్యంగా తెలిసింది. తెలిపారా గదికి వెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. చిక్కిపోయారు. నా చెప్పుల చప్పుడు పోల్చుకున్నారు.

"ఏటి బాబూ, ఇవాళ ఎవరి మీద?"

"మీ మీదే" అన్నాను. "ఇన్నాళ్ళు మంచాన పడి కబురు చెయ్యలేదు. ఇదేమైనా పద్ధతా? బేగి లేచి రావాలని నా డిమాండు."

ఆవిడ ఇటు తిరిగారు. ఎప్పుడూ ఏదో ఒక జవాబు చెప్పే మనిషి.

"చూస్తాం" అన్నారు.

నవ్వించడానికే అన్నారు. నేను నవ్వాను. మెట్లు దిగి వీధిలోకి వచ్చి, రిక్షా ఎక్కకుండా కాలనీ దాకా నడిచాను.

ఆవిడ పోయాక కాలనీ హాల్లో సంతాప సభ పెట్టారు. సెక్రటరీ గారు స్టోరు పని మానేసి ఎన్నాళ్ళో అయింది, జుట్టు తెల్లబడింది. అయినా మైకు ఆయనకే ఇచ్చారు. "మన కాలనీకి ఆవిడ గర్వకారణం. ఇంత చదువుకుని కూడా మన స్టోరు బియ్యాన్ని స్వయంగా పరీక్ష చేసి పెట్టారు" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన దండం పెట్టి కూర్చున్నారు. నేను లేచాను. టైం అయిపోయిందన్నారు. నా పక్కన నా భార్య చప్పట్లు కొట్టలేదు. ఇంటికి వచ్చే దారిలో మాత్రం, "పరీక్ష చేసారన్నాడు. అక్కడితో ఆపీసాడు" అంది.

సెక్రటరీ గారూ, అక్కడితో ఎందుకు ఆపారు? ఆవిడ ఉన్నంతకాలం దారి మళ్ళారు. పోయాక ఆవిడ పరీక్షని దండలా మెడలో వేసుకున్నారు. వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ వాక్యం పూర్తి చెయ్యండి. పరీక్షలో ఏం తేలింది? కమిటీ అక్కర్లేదు, మైకు అక్కర్లేదు, నాకు చెప్పనక్కర్లేదు. నా భార్య పొద్దుటిపూట వరండాలోనే ఉంటుంది. మీరు నలుగురిలో నవ్వులపాలు చేసింది ఆమెని. మీ ఇంటి నుంచి మా ఇంటికి రిక్షా కూడా అక్కర్లేనంత దగ్గర. వచ్చి, కూర్చుని, ఆమె మొహం చూసి చెప్పండి. ఏం తేలింది?